ఒక్క నిమిషపు చొరబాటు: మలేరియా క్రిమిని లేజర్ కాంతితో పట్టి చూసే విధానం

రోజు విడిచి రోజు వచ్చే జ్వరం

మలేరియా జ్వరం వేళ తప్పకుండా వస్తుంది. ముందు పళ్ళు కొట్టుకునే చలి. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగదు. తర్వాత ఒళ్ళు కాగిపోతుంది. చివరికి బట్టలు తడిసేంత చెమట పట్టి జ్వరం దిగిపోతుంది. మర్నాడు మనిషి లేచి పనికి కూడా పోతాడు. ఆ మరుసటి రోజు, దాదాపు అదే వేళకు, మళ్ళీ చలి మొదలవుతుంది. కడప జిల్లాలో పెన్నా ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లోనూ, చీనీ, అరటి తోటల పులివెందులలోనూ పెద్దవాళ్ళు రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం అని చెప్పేది దీన్నే.

జలుబు జ్వరమో టైఫాయిడో ఇలా వేళ చూసుకుని రాదు. మలేరియాకే ఎందుకీ వరస అంటే, జ్వరం క్రిమి బతుకును బట్టి నడుస్తుంది కాబట్టి. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోకి దూరి, అందులోని హిమోగ్లోబిన్‌ను తింటూ పెరిగి, లోపలే పిల్లల్ని పెడుతుంది. సుమారు 48 గంటలకు ఆ కణం పగులుతుంది. లక్షల కణాలు దాదాపు ఒకే వేళకు పగిలి, లోపలి వ్యర్థాలన్నీ రక్తంలో కలిసినప్పుడు చలీ జ్వరమూ వస్తాయి. వైవాక్స్ రకంలో ఈ వరస స్పష్టంగా కనిపిస్తుంది. ఫాల్సిపేరం రకంలో కణాలు పగిలే వేళలు కొంత అటూ ఇటూ అవుతాయి గనుక జ్వరం కూడా గతి తప్పి వస్తుంటుంది.

కణం పగిలాక బయటపడ్డ పిల్ల క్రిములు మళ్ళీ జ్వరం నాటికి కొత్త కణాల లోపల ఉంటాయి. ఈ మధ్యలో అవి ఒక కణం నుంచి ఇంకో కణానికి ఎలా చేరాయి, గట్టి పొర ఉన్న కణంలోకి ఎలా దూరాయి అన్నది చాలాకాలం అంతుపట్టలేదు. కారణం, అంతా ఒక నిమిషంలోపే అయిపోతుంది.

గాజు పలక మీద కనిపించేది, కనిపించనిది

జ్వరం వచ్చిన మనిషికి ఆరోగ్య కార్యకర్త చేసే పరీక్ష ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఎడమచేతి ఉంగరపు వేలిని స్పిరిట్ దూదితో తుడిచి సూదితో పొడుస్తారు. మొదట వచ్చిన చుక్కను తుడిచేసి, తర్వాతి చుక్కను గాజు పలక మీదికి తీసుకుంటారు. పలకకు ఒకవైపు రక్తాన్ని గుండ్రంగా, మందంగా పూస్తారు. రెండోవైపు ఇంకో పలక అంచుతో ఒక్క ఊపున పల్చగా లాగుతారు. ఆరాక పల్చటి పూతను మిథైల్ ఆల్కహాల్‌లో ముంచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద సుమారు వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తారు. క్రిమి ఉంటే గులాబీ రంగు కణం లోపల నీలి ఉంగరం, దాని అంచున ఎర్రటి చుక్క కనిపిస్తాయి.

రోజువారీ రోగ నిర్ధారణకు ఇప్పటికీ ప్రామాణికమైన పద్ధతి ఇదే. జమ్మలమడుగులో 19వ శతాబ్దం చివర లండన్ మిషన్ వైద్యులు మొదలుపెట్టిన కాంబెల్ ఆసుపత్రిలో అయినా, ఈనాటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయినా సూత్రం ఒకటే: ఆరబెట్టి, రంగు వేసి, చూడటం. అయితే ఆల్కహాల్ తగిలిన మరుక్షణం ఆ రక్తంలో ప్రాణమున్నదేదీ మిగలదు. పలక మీద క్రిమి కణం లోపల ఉందో లేదో తెలుస్తుంది, ఏ వయసులో ఉందో తెలుస్తుంది. అది లోపలికి ఎలా వెళ్ళిందో మాత్రం తెలియదు. దాన్ని చూడాలంటే క్రిమీ బతికుండాలి, కణమూ బతికుండాలి, రెండూ కళ్ళెదుట కలవాలి.

సికింద్రాబాద్‌లో తెగిన మొదటి ముడి

తెలుగు నేలకు ఈ క్రిమి చరిత్రలో పెద్ద చోటే ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోని బేగంపేటలో, ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో వైద్యుడైన రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి చూసి, దాని గోడలో మలేరియా క్రిమిని గుర్తించాడు. అది హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ. కుట్టించుకున్న ఒక్కో దోమకు రాస్ అతనికి ఒక్కో అణా ఇచ్చాడు. దోమల ద్వారానే మలేరియా వ్యాపిస్తుందని తేల్చే దారి అక్కడే తెరుచుకుంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద రొనాల్డ్ రాస్ పేరుతో పరాన్నజీవి శాస్త్ర సంస్థగా ఉంది.

క్రిమి ప్రయాణం ఇప్పుడు చాలావరకు తెలుసు. ఆడ ఎనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో స్పోరోజోయిట్లు చర్మంలోకి దిగుతాయి. అక్కడి నుంచి రక్తనాళం వెతుక్కుని కాలేయానికి చేరి, కాలేయ కణాల్లో వేలుగా పెరుగుతాయి. ఆ తర్వాత మెరోజోయిట్లు అనే చిన్న రూపంలో రక్తంలోకి వస్తాయి. ఎర్ర కణాల్లో దూరేవి ఇవే. వీటిలో కొన్ని ఆడ, మగ రూపాలుగా మారి, మళ్ళీ కుట్టిన దోమలోకి వెళ్తాయి.

కడప జిల్లా లాంటి మెట్ట ప్రాంతంలో దోమకు నీళ్ళెక్కడివి అనిపించవచ్చు. ఎనాఫిలిస్‌కు మురుగు అక్కర్లేదు, నిలిచిన మంచినీళ్ళు చాలు. పెన్నా ఇసుకలో మిగిలిపోయిన మడుగులు, కాలువ గట్ల కింది ఊటగుంటలు, తోటల్లో నీటి కుంటలు ఎనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే దోమకు సరిపోతాయి. పట్టణంలో మేడ మీద మూత సరిగా లేని నీళ్ళ ట్యాంకు, పాత బావి ఎనాఫిలిస్ స్టెఫెన్సీ అనే ఇంకో జాతికి ఇల్లు. ఆంధ్రప్రదేశ్‌లో మలేరియా బరువు ఎక్కువగా మోసేది అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల ఏజెన్సీ పల్లెలు. కడప వైపు కేసులు తక్కువ. తక్కువైన చోట జనానికి రోగ నిరోధక శక్తి కూడా తక్కువే కాబట్టి, వలస పనులకు పోయి వచ్చినవాళ్ళలో ఒక్కరి రక్తంలో క్రిమి ఉన్నా, వానలు పడ్డాక అది ఊరంతా పాకగలదు.

బయట ఉండే ఆ కాస్త సేపు

ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్ల వెడల్పున్న బిళ్ళ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. రెండు వైపులా మధ్యలో లోపలికి నొక్కుకుని, ఎటు వంచితే అటు వంగుతుంది. మెరోజోయిట్ పొడవు ఒకటి నుంచి రెండు మైక్రాన్లు. ఫాల్సిపేరం క్రిమి పండిన కణం పగిలినప్పుడు 16 నుంచి 32 దాకా మెరోజోయిట్లు ఒక్కసారిగా బయటికి చిమ్ముతాయి.

బయటపడ్డ మెరోజోయిట్‌కు టైము లేదు. కొన్ని నిమిషాల్లోనే దాని చొరబడే శక్తి పోతుంది. క్రిమి జీవితం మొత్తంలో, రక్తంలో ఉన్నంత కాలం, శరీరపు రక్షణ దళాలకు నేరుగా ఎదురుపడేది ఈ కాస్త సేపే. కణం లోపల ఉన్నప్పుడు యాంటీబాడీలు దాన్ని తాకలేవు. అందుకే మలేరియా మీద పనిచేసేవాళ్ళు ఈ కొద్ది సెకన్ల కోసం ఇంత కష్టపడతారు.

చొరబాటు మెట్లు మెట్లుగా జరుగుతుంది. మెరోజోయిట్ ముందు కణానికి ఎలా తగిలితే అలా, పక్కకో వెనక్కో, వదులుగా అంటుకుంటుంది. అప్పుడు కణం పొర అలల్లా కదులుతుంది, క్రిమి చుట్టూ ముడుచుకుంటుంది. ఈ కదలికలో క్రిమి మెల్లగా తిరిగి, తన మొనదేరిన కొసను పొరకు ఆనిస్తుంది. మెరోజోయిట్‌కు ఒక కొస మొన ఉంటుంది. చొరబాటుకు కావలసిన ప్రొటీన్లన్నీ ఆ కొసలో చిన్న సంచుల్లో నిలవ ఉంటాయి. కొస ఆనగానే సంచులు తెరుచుకుంటాయి. క్రిమి తన ప్రొటీన్ ఒకటి కణం పొరలో నాటి, తన పొర మీది ఇంకో ప్రొటీన్‌తో దాన్ని పట్టుకుంటుంది. అంటే పట్టుకునే కొక్కేన్ని కూడా క్రిమే వెంట తెచ్చుకుంటుంది. మలేరియా జీవశాస్త్రంలో ఇంత ఆశ్చర్యం కలిగించే వివరం ఇంకొకటి లేదేమో.

పట్టు బిగిశాక క్రిమి లోపలి కండర ప్రొటీన్ల జత, యాక్టిన్, మయోసిన్, పనిచేసి దాన్ని ముందుకు నెడతాయి. పది నుంచి ఇరవై సెకన్లలో క్రిమి లోపల ఉంటుంది. తర్వాత ఎర్ర కణం ఒళ్ళంతా మొనలు తేలి ముడుచుకుపోతుంది, కొద్ది నిమిషాలకు మళ్ళీ మామూలు రూపానికి వస్తుంది.

1975లో అమెరికాలో జేమ్స్ ద్వొరాక్, లూయీ మిల్లర్ తదితరులు కోతుల మలేరియా క్రిమి చొరబడటాన్ని మొదటిసారి సినిమా తీశారు. మరుసటి ఏడు ట్రేగర్, జెన్సెన్ ఫాల్సిపేరం క్రిమిని మనిషి రక్తంలో ప్రయోగశాలలోనే ఎడతెగకుండా పెంచడం సాధించారు. ఆ తర్వాత ఎన్నో వీడియోలు వచ్చాయి. అన్నిటికీ ఒకటే ఇబ్బంది: ఏ మెరోజోయిట్ ఏ కణానికి తగులుతుందో అదృష్టం మీద ఆధారపడి ఉండేది. పగిలే కణం దగ్గర కెమెరా పెట్టి గంటలు కాచుకోవాలి. దొరికితే దొరికినట్టు. దొరికినా చూడటమే, క్రిమిని ముట్టుకోవడానికి వీల్లేదు. దాన్ని పట్టేంత సన్నని సూది లేదు, ఉన్నా గుచ్చితే చస్తుంది.

కాంతికి ఉన్న పట్టు

ఆ లోటును తీర్చింది కాంతి. వెలుతురు ఒంటికి తగిలినప్పుడు మనకేమీ బరువు తెలియదు గానీ, కాంతికి తోసే బలం ఉంది. పొలంలో మోటారు పైపు ముందు అరచెయ్యి అడ్డంగా పెడితే నీళ్ళు దారి మళ్ళి పక్కకు చిమ్ముతాయి, చెయ్యి వెనక్కి పోతుంది. నీళ్ళ దారిని మార్చినందుకు చేతికి తగిలే నెట్టుడు అది. కాంతి దారిని మార్చే వస్తువుకు కూడా అలాంటి నెట్టుడే తగులుతుంది, కాకపోతే లెక్కకు రానంత చిన్నది. వస్తువే మైక్రాన్ సైజుకు దిగినప్పుడు ఆ చిన్న బలమే చాలు.

మెరోజోయిట్ దాదాపు పారదర్శకం. చుట్టూ ఉన్న నీళ్ళకంటే కాస్త చిక్కన. కాబట్టి దాని గుండా పోయే కాంతి వంగుతుంది. లేజర్ కిరణాన్ని మైక్రోస్కోప్ కటకంతో ఒక బిందువు దగ్గరికి కుదించినప్పుడు, నడిమధ్య కాంతి చాలా తీవ్రంగా, అంచుల్లో పలుచగా ఉంటుంది. క్రిమి మధ్య నుంచి ఎడమకు జరిగిందనుకుంటే, దాని కుడివైపున ఎక్కువ కాంతి పడుతుంది. ఆ కాంతి క్రిమి గుండా పోతూ ఎడమకు వంగుతుంది, బదులుగా క్రిమి కుడికి, అంటే మళ్ళీ మధ్యకు లాగబడుతుంది. ఎటు జారినా తిరిగి మధ్యకే. ముందుకూ వెనక్కూ కూడా ఇంతే. లేజర్ బిందువును జరిపితే క్రిమి దాని వెంటే వస్తుంది. దీన్నే ఆప్టికల్ ట్వీజర్స్ అంటారు, అంటే కాంతి పటకారు.

దీన్ని కనిపెట్టినవాడు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆర్థర్ ఆష్కిన్. కాంతితో సూక్ష్మ గోళాలను తోయవచ్చని 1970లో చూపాడు. ఒకే కిరణంతో పట్టి నిలపవచ్చని 1986లో సహచరులతో కలిసి నిరూపించాడు. 1987లో బ్యాక్టీరియాను పట్టాడు. ఆకుపచ్చ లేజర్ వేసినప్పుడు బ్యాక్టీరియా మాడి చచ్చాయి. కంటికి కనిపించని పరారుణ లేజర్‌కు మారగానే అవి బతికి, ఆ పట్టులోనే పిల్లల్ని కూడా పెట్టాయి. ఈ చిన్న మార్పే జీవశాస్త్రానికి తలుపు తెరిచింది. నీళ్ళూ హిమోగ్లోబినూ పెద్దగా పీల్చుకోని కాంతి కావడంతో ఇప్పటికీ రక్తకణాల పనికి ఎక్కువగా 1064 నానోమీటర్ల పరారుణ కాంతినే వాడతారు. ఆష్కిన్‌కు 2018లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చేనాటికి వయసు 96.

పెట్టె: పికోన్యూటన్ అంటే ఎంత?

కాంతి పటకారు బలాన్ని పికోన్యూటన్లలో కొలుస్తారు. ఒక గ్రాము బరువు వస్తువును భూమి లాగే బలం సుమారు వెయ్యి కోట్ల పికోన్యూటన్లు. ఒక్క ఎర్ర రక్తకణం బరువు సుమారు ఒక పికోన్యూటన్. మామూలు కాంతి పటకారు కొన్ని పదుల పికోన్యూటన్ల దాకా లాగగలదు. ఒకే ఒక్క కణాన్ని కదపడానికి ఇది సరిపోతుంది, దాన్ని చీల్చేంత మాత్రం కాదు.

పట్టి, మోసుకెళ్ళి, అంటించి

2014లో కేంబ్రిడ్జిలోని భౌతికశాస్త్రవేత్త పియెత్రో చికూటా, సాంగర్ ఇన్‌స్టిట్యూట్‌లో మలేరియా మీద పనిచేసే జూలియన్ రేనర్, వాళ్ళ సహచరులు ఈ పటకారును మొదటిసారి ఫాల్సిపేరం చొరబాటు మీద ప్రయోగించిన ఫలితాలు ప్రచురించారు. పనివిధానం ఇలా ఉంటుంది. శరీర వేడిలో ఉంచిన పలుచటి అరలో ఎర్ర కణాలూ, పండిన క్రిములున్న కణాలూ కలిపి పెడతారు. పగలబోతున్న ఒక కణాన్ని ఎంచుకుని కాచుకుంటారు. అది పగిలి మెరోజోయిట్లు చిమ్మిన క్షణమే లేజర్‌తో ఒకదాన్ని పట్టుకుంటారు. నీళ్ళలో దాన్ని లాక్కుపోయి, ముందే ఎంచి పెట్టిన ఆరోగ్యమైన కణానికి ఆనించి, లేజర్ ఆపేస్తారు. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోవాలి.

ముందు తేలవలసిన సంగతి, లేజర్ పట్టు క్రిమిని పాడుచేస్తుందా అన్నది. అప్పుడే బయటపడ్డ మెరోజోయిట్లను అలా మోసుకెళ్ళి అంటించినా అవి కణంలోకి దూరాయి. పట్టు వల్ల క్రిమి శక్తి పోలేదని రుజువైంది. ఇంకా ఆశ్చర్యమైన సంగతి, కాలం దాటి చొరబడే శక్తి పోయిన ముసలి మెరోజోయిట్లను అంటించినా అవి కణానికి అతుక్కున్నాయి, కణం పొరను కాసేపు కదిపాయి కూడా. దూరడం మాత్రం దూరలేదు. అతుక్కోవడం వేరు, దూరడం వేరు అని విడిగా చూపగలిగిన ప్రయోగం ఇది. రెండూ వేర్వేరు మెట్లయితే, రెండింటినీ వేర్వేరు మందులతో అడ్డుకోవచ్చు.

తర్వాత ఆ అతుకు ఎంత గట్టిదో కొలిచారు. ఒక మెరోజోయిట్‌కు రెండు వైపులా రెండు ఎర్ర కణాలు అంటేలా చేసి, ఒక కణాన్ని పట్టి పక్కకు లాగారు. లాగుతుంటే కణాలు సాగుతాయి. ఎర్ర కణం ఎంత బలానికి ఎంత సాగుతుందో ముందే తెలుసు. కాబట్టి అతుకు ఊడే క్షణానికి కణం ఎంత సాగి ఉందో వీడియోలో కొలిస్తే అతుకు బలం తెలిసిపోతుంది. కొలిచే త్రాసుగా ఎర్ర కణాన్నే వాడుకున్నారన్నమాట. వచ్చిన లెక్క సుమారు 40 పికోన్యూటన్లు, అంటే నలభై ఎర్ర కణాల బరువును మోయగల అతుకు. చొరబాటును అడ్డుకుంటాయని ముందే తెలిసిన కొన్ని పదార్థాలు ఏ మెట్టు దగ్గర పనిచేస్తున్నాయో కూడా ఇదే పద్ధతిలో పరిశీలించారు.

అంతకు ముందు ఒక మందు పనిచేస్తుందా లేదా అంటే, రెండు రోజుల తర్వాత రక్తంలో ఎన్ని కణాలకు క్రిమి పట్టిందో లెక్కపెట్టేవాళ్ళు. చివరి లెక్క తెలిసేది గానీ, మందు ఎక్కడ దెబ్బ కొట్టిందో తెలిసేది కాదు. ఒక్కో క్రిమిని ఒక్కో కణానికి చేతికిచ్చినట్టు అందించగలగడంతో ఆ లోటు చాలావరకు తీరింది.

పెట్టె: క్రిమి వెతికే గుర్తులు

ఎర్ర కణం పొర మీద ఉండే ప్రొటీన్లలో కొన్నిటిని క్రిమి గుర్తుగా వాడుకుంటుంది. వైవాక్స్‌కు డఫీ అనే ప్రొటీన్ ముఖ్యం. పశ్చిమ ఆఫ్రికాలో చాలామందికి ఎర్ర కణాల మీద అది లేకపోవడం వల్లే అక్కడ వైవాక్స్ అరుదని 1976లో లూయీ మిల్లర్ బృందం చూపింది. భారతీయుల్లో అత్యధికులకు డఫీ ఉంటుంది. ఫాల్సిపేరం ఒక గుర్తు లేకపోతే ఇంకో గుర్తుతో సరిపెట్టుకుంటుంది. కానీ బాసిజిన్ అనే ప్రొటీన్ లేకుండా మాత్రం దానికి కుదరదని 2011లో తేలింది. బాసిజిన్‌ను పట్టుకునే క్రిమి ప్రొటీన్ పేరు ఆర్‌హెచ్5.

ముంబై, ఇండోర్ ప్రయోగశాలల్లో తిరిగిన కణాలు

మన దేశంలో ఈ పని కేంబ్రిడ్జి కంటే పదేళ్ళ ముందే వేరే దారిలో మొదలైంది. 2004లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దీపక్ మాథుర్, శోభనా శర్మ తదితరులు మామూలు ఎర్ర కణాలనూ, మలేరియా పట్టిన కణాలనూ లేజర్ పట్టులో పెట్టి చూశారు. పట్టులో పడగానే రెండు రకాలూ బిళ్ళ ఆకారం వదిలి, మడతపడి కడ్డీలా నిలిచాయి. క్రిమి ఉన్న కణం మాత్రం పట్టులోనే గిర్రున తిరిగింది. లేనిది తిరగలేదు.

అదే ఏడు ఇండోర్‌లో, ఇప్పుడు రాజా రామన్న పేరున్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీలో పి.కె. గుప్తా బృందం ఉప్పు సాంద్రత ఎక్కువగా ఉన్న ద్రావణంలో ఇలాంటిదే చేసింది. అక్కడ ఫలితం తలకిందులు: ఆరోగ్యమైన కణాలు తిరిగాయి, క్రిమి ఉన్నవి తిరగలేదు. ద్రావణం మారితే కణం ఆకారం మారుతుంది, ఆకారం మారితే కాంతి తోసే తీరు మారుతుంది. కాబట్టి రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసే ఫలితాలు కావు. రెండు చోట్లా తేలింది ఒక్కటే, క్రిమి పట్టిన కణం పొర మారిపోతుందని. రంగు వేయకుండా, కేవలం తిరిగే తీరును బట్టి రోగాన్ని గుర్తించవచ్చేమోనన్న ఆశ ఇండోర్ వాళ్ళు వెలిబుచ్చారు. అంత ఖరీదైన లేజర్ మైక్రోస్కోప్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరడం తేలిక కాదు. అక్కడికి చేరింది చుక్క రక్తంతో పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే కిట్టు. లేజర్ అసలు ఉపయోగం పరిశోధనలోనే కనిపించింది.

బిరుసెక్కిన కణం, పొట్టలో బల్ల

క్రిమి లోపల చేరాక కణం ఎంత బిరుసెక్కుతుందో కూడా కాంతి పటకారే చెప్పింది. అమెరికాలో సుబ్రా సురేష్ బృందం ఎర్ర కణానికి రెండు వైపులా సూక్ష్మమైన సిలికా గోళాలు అంటించి, ఒకదాన్ని కదలకుండా ఉంచి రెండోదాన్ని లేజర్‌తో పట్టి కణాన్ని సాగదీసింది. ఫాల్సిపేరం పండిన దశలో కణం పొర ఆరోగ్యమైన దానికంటే పది రెట్ల దాకా బిగుసుకుపోతుందని 2005లో ప్రకటించారు. క్రిమి తయారుచేసి పొర అడుగుకు పంపే ప్రొటీన్లే దీనికి కారణం.

ఈ బిరుసుతనం రోగి ఒంట్లో రెండు చోట్ల తెలుస్తుంది. ఎర్ర కణం తన వెడల్పు కంటే సన్నని నాళాల్లోంచి మడతపడి దూరుతూ తిరుగుతుంది. బిరుసెక్కిన కణం అలా వంగలేదు. దానికి తోడు ఫాల్సిపేరం పట్టిన కణాలు నాళాల గోడలకు అతుక్కుంటాయి కూడా. మెదడులోని సన్నని నాళాలు ఇలా పూడుకుపోతే రోగి స్పృహ తప్పుతాడు. రెండోది ప్లీహం. వంగని కణాలను జల్లించి పక్కన పెట్టడం దాని పని. జల్లించలేనన్ని కణాలు వచ్చి పడుతుంటే ప్లీహం ఉబ్బి ఎడమ పక్క చేతికి గట్టిగా తగులుతుంది. పల్లెల్లో పొట్టలో బల్ల పెరిగింది అనేది దీన్నే. మలేరియా ఎక్కువున్న ఊళ్ళలో ఒకప్పుడు పిల్లల పొట్టలు తడిమి, బల్ల ఉన్నవాళ్ళెందరో లెక్కపెట్టి ఆ ఊరి మలేరియా తీవ్రతను అంచనా వేసేవారు.

దూరనివ్వని కణాలు

కొందరి కణాల్లోకి క్రిమి తేలిగ్గా దూరలేదు. కెన్యా తీరంలో కొందరికి దాంతు అనే అరుదైన రక్త వర్గం ఉంది. వాళ్ళకు తీవ్రమైన మలేరియా చాలా తక్కువగా వస్తుంది. 2020లో చికూటా, రేనర్‌ల బృందమే కెన్యా పరిశోధకులతో కలిసి కారణం తేల్చింది. దాంతు రక్తంలో ఎర్ర కణాల పొర మామూలు కంటే బిగువుగా ఉంటుంది. ఆ బిగువు ఒక హద్దు దాటితే మెరోజోయిట్ వచ్చి అతుక్కుంటుంది గానీ పొరను లోపలికి ముడవలేదు. మామూలు మనుషుల్లో కూడా కణం కణానికీ బిగువు వేరు. బిగువెక్కువ ఉన్న కణాల్లోకి క్రిమి ఎవరిలోనూ దూరలేకపోయింది. ముందరి ప్రయోగాల్లో అతుకు వేరు, చొరబాటు వేరు అని చూశాక ఇది చక్కగా అర్థమవుతుంది: ఇక్కడ ఆగిపోయింది రెండో మెట్టు.

పుట్టుకతో వచ్చే ఇలాంటి రక్షణ మన దగ్గరా ఉంది. ఆంధ్ర, తెలంగాణ గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే తీవ్ర మలేరియా నుంచి కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే అదే ప్రాణాంతకమైన జబ్బు. మలేరియా వేల ఏళ్ళుగా ఉన్న అడవి ప్రాంతాల్లోనే ఆ జన్యువు ఎక్కువగా మిగలడానికి కారణం ఈ రక్షణే.

పట్టడమే కాక వెలిగించి చూడటం

లేజర్‌ను పట్టుకోవడానికే కాక, చూడటానికి కూడా వాడతారు. క్రిమిలో మెరిసే ప్రొటీన్‌ను చేర్చి, లేజర్‌తో బిందువు బిందువుగా వెలిగిస్తూ, మిగతా లోతుల నుంచి వచ్చే వెలుతురును అడ్డుకుని బొమ్మ తీస్తే బతికున్న చర్మం లోపల కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో 2006లో ఇలా ఎలుక చెవి చర్మంలో దోమ వదిలిన స్పోరోజోయిట్లను వెంబడించారు. అవి సెకనుకు ఒకటి రెండు మైక్రాన్ల చొప్పున పాకుతూ రక్తనాళాల్లోకి దూరాయి. కొన్ని దారి తప్పి లింఫ్ గ్రంథులకు పోయాయి. కొన్ని చర్మంలోనే ఉండిపోయాయి. దోమ కుట్టగానే క్రిములన్నీ నేరుగా రక్తంలో పడతాయన్న పాత నమ్మకం దీంతో పోయింది.

ఒక్క కణం లోపలికి క్రిమి దూరడాన్ని నాలుగు వైపుల నుంచీ చూడటానికి ఇంకా కొత్త పద్ధతి ఉంది. పలుచటి లేజర్ వెలుతురు పొరను పక్క నుంచి పంపి, ఒక్కో పొరను వరసగా వేగంగా బొమ్మ తీస్తారు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2021లో ఇలా తీసిన బొమ్మల్లో, క్రిమి లోపల తన చుట్టూ కట్టుకునే సంచి పొరలో ఎక్కువ భాగం ఎర్ర కణం పొర నుంచే వస్తుందని కనిపించింది. క్రిమి పొరను చీల్చుకుని రాదు. పొరను తనతో పాటు లోపలికి ముడుచుకుని వస్తుంది.

టీకాకూ ఈ నిమిషానికీ సంబంధం

మలేరియా మీద ఇప్పుడున్న రెండు టీకాలు, ఆర్‌టీఎస్‌ఎస్, ఆర్21, రక్తదశ మీద పనిచేయవు. దోమ కుట్టినప్పుడు దిగే స్పోరోజోయిట్ల మీద గురిపెట్టినవి అవి. ఆర్‌టీఎస్‌ఎస్ తయారీ పరిజ్ఞానాన్ని జీఎస్‌కే సంస్థ హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు అందజేసే ఒప్పందం 2021లో కుదిరింది. ఆర్21ను పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. స్పోరోజోయిట్లలో ఒక్కటి తప్పించుకుని కాలేయానికి చేరినా చాలు, అక్కడి నుంచి వేల మెరోజోయిట్లు రక్తంలోకి వస్తాయి. ఆ తర్వాత వాటిని ఆపవలసింది కణం బయట ఉండే ఆ నిమిషంలోనే. ఆర్‌హెచ్5 మీద గురిపెట్టిన టీకా అందుకే ముఖ్యమైంది. ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన ఆ టీకాను బుర్కినా ఫాసోలో చిన్న పిల్లలకు ఇచ్చి పరీక్షించినప్పుడు, మూడో మోతాదును ఆలస్యంగా ఇచ్చిన పిల్లల్లో 55 శాతం రక్షణ కనిపించింది. కణం ఎదుట ఉన్న కొద్ది సెకన్లలో యాంటీబాడీ ఎంత తొందరగా ఆర్‌హెచ్5ను పట్టుకోగలదన్న దాని మీదే దాని ఫలితం ఆధారపడుతుంది. అందుకే చొరబాటులోని ఒక్కో మెట్టుకు పట్టే సెకన్ల లెక్క టీకా చేసేవాళ్ళకు అవసరమైంది.

లేజర్ పద్ధతికి హద్దులున్నాయి. ఒకసారి ఒక్క క్రిమినే చూడగలం. ఎక్కువసేపు పట్టి ఉంచితే వేడికీ వెలుతురుకీ కణం దెబ్బతింటుంది. నిలిచిన ద్రావణంలో జరిగేదీ, గుండె తోసే వేగంలో పారే రక్తంలో జరిగేదీ ఒకటే కావు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వైవాక్స్‌తో వస్తుంది. కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేచే రకాల్లో అదొకటి. అందుకే ఆ రోగికి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజుల పాటు మింగించాలి. ఫాల్సిపేరంను సీసాలో పెంచినట్టు వైవాక్స్‌ను ఎడతెగకుండా పెంచడం ఇంతవరకు ఎవరికీ సాధ్యం కాలేదు. అది మామూలు ఎర్ర కణాలను వదిలేసి, ఎముక మజ్జ నుంచి అప్పుడే వచ్చిన లేత కణాల్లోకే దూరుతుంది. రక్తంలో అవి నూటికి ఒకటి రెండు మాత్రమే ఉంటాయి. కాబట్టి వైవాక్స్ మెరోజోయిట్ ఎంత బలంగా అతుక్కుంటుందో, డఫీని ఎంతసేపట్లో పట్టుకుంటుందో కొలవాలంటే రోగి నుంచి అప్పుడే తీసిన రక్తం కావాలి. ఆ రక్తంలోని క్రిమిని ఒకటి రెండు రోజుల్లో పండించి, అది పగిలే వేళకు మైక్రోస్కోప్ దగ్గర సిద్ధంగా ఉండాలి. నిలవ ఉంచి కేంబ్రిడ్జికో మెల్‌బోర్న్‌కో పంపితే క్రిమి పస తగ్గిపోతుంది. అందుకని వైవాక్స్ చొరబాటును కొలిచే లేజర్ పరికరం వైవాక్స్ రోగులు వచ్చే ఆసుపత్రికి కొన్ని గంటల ప్రయాణం లోపలే ఉండాలి.